బిల్ట్-ఇన్ ఓవెన్ వేడెక్కడం మానేస్తే: ఇంట్లోనే బాగుచేసుకునే పద్ధతి

కొత్త ఫ్లాట్లలో, మాడ్యులర్ కిచెన్ అరల మధ్య ఎలక్ట్రిక్ ఓవెన్ బిగించుకోవడం మామూలైపోయింది. అది ఒకసారి మొరాయించిందంటే మాత్రం చాలా ఇళ్లలో ఇక దాని పని అయిపోయినట్టే. మెకానిక్ దొరకడు. దొరికితే బోర్డు పోయిందంటాడు. బోర్డు ధర వింటే కొత్తది కొనడమే మేలనిపిస్తుంది. చివరికి ఓవెన్ కాస్తా కడాయిలు పెట్టుకునే అర అవుతుంది. నాకు అలా వదిలేయడానికి మనసొప్పదు. ఎందుకంటే లోపల ఉండే సరుకు చాలా తక్కువ: మూడు నాలుగు హీటింగ్ ఎలిమెంట్లు, రెండు ఫ్యాన్లు, ఒక థర్మోస్టాట్ లేదా సెన్సార్, అతివేడిని ఆపే చిన్న కటౌట్, ముందు వైపు టైమర్ లేదా బోర్డు. వీటిలో బోర్డు ఒక్కటి పక్కన పెడితే, మిగతావన్నీ మామూలు మల్టీమీటర్‌తో పరీక్షించుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా 230 వోల్టుల మీద నడిచే, 60 సెంటీమీటర్ల వెడల్పు ఎలక్ట్రిక్ ఓవెన్ గురించి. మీది గ్యాస్ ఓవెన్ అయితే దీని జోలికి రాకండి. మైక్రోవేవ్ కూడా కలిసిన కాంబి ఓవెన్ అయితే దాని పై కవర్ అస్సలు విప్పకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. వారంటీ ఉన్నదైతే ముందు కంపెనీకి ఫోన్ చేయండి. మనం ఒక్క స్క్రూ తీసినా వారంటీ చెల్లదనవచ్చు.

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే చూడాల్సినవి

ఓవెన్ పాడైందని పిలిచిన కొన్ని ఇళ్లలో అసలు ఏ భాగమూ పాడవదు. కరెంటు పోయి వచ్చాక డిస్‌ప్లే మీద గడియారం మెరుస్తూ ఉంటుంది. చాలా మోడళ్లలో టైమ్ సెట్ చేసేదాకా ఎలిమెంట్లకు కరెంటు వెళ్లదు. లైటు వెలుగుతుంది, ఒక్కోసారి ఫ్యాను కూడా తిరుగుతుంది, వేడి మాత్రం రాదు. ముందు టైమ్ సెట్ చేయండి. డిస్‌ప్లే మీద ఆటో అనే గుర్తు కనిపిస్తే, ఓవెన్ టైమర్ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోందని అర్థం. చెయ్యి బొమ్మ ఉన్న బటన్ నొక్కితే మాన్యువల్‌కి వస్తుంది. ఆ బటన్ లేని మోడళ్లలో ఏవి నొక్కాలో మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది. తాళం చెవి గుర్తు ఉంటే చైల్డ్ లాక్ పడిందన్నమాట. షోరూమ్‌లో చూపించడానికి పెట్టే డెమో మోడ్ కూడా కొన్నింటిలో ఉంటుంది. అందులో అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి, లోపల చల్లగా ఉంటుంది.

తర్వాత ప్లగ్. సాధారణంగా సాకెట్ ఓవెన్ వెనకాల కాకుండా పక్క అరలోనో, కింది డ్రాయర్ వెనకో ఉంటుంది. 3,000 వాట్ల ఓవెన్ దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించిన ఓవెన్లు నేను చూశాను. అక్కడ పాడయ్యేది ఓవెన్ కాదు, ముందు ప్లగ్ కరుగుతుంది. పిన్నులు నల్లబడి ఉన్నా, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నా అసలు సమస్య దొరికినట్టే. ప్లగ్, సాకెట్ రెండూ మార్పించండి. ఒకటే మారిస్తే మళ్లీ కాలుతుంది.

ఏది ట్రిప్ అవుతోంది?

ఓవెన్ ఆన్ చేయగానే ఇంట్లో కరెంటు పోతుంటే, మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి ఏ స్విచ్ పడిపోయిందో చూడండి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయినట్టే. ఆ లైనుకు సంబంధించిన ఎమ్‌సీబీ పడితే షార్ట్ సర్క్యూట్ అయినా అయి ఉండాలి, లోడు ఎక్కువైనా అయి ఉండాలి. మనవాళ్లు ఈఎల్‌సీబీ అని పిలిచే ఆర్‌సీసీబీ పడితే ఎక్కడో కరెంటు ఓవెన్ బాడీకి, అంటే ఎర్త్‌కి లీకవుతోంది. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. అంతకు మించి లీకైతే అది పడి తీరుతుంది.

ఈ లీకేజీ మన ఓవెన్లకు బాగా పరిచయమైన జబ్బు. ఎలిమెంట్ అంటే స్టీలు గొట్టంలో నైక్రోమ్ తీగ. ఆ తీగ గొట్టానికి తగలకుండా మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడికి తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలమంతా ఓవెన్ ముట్టుకోకుండా ఉంచి, డిసెంబర్‌లో కేక్ చేద్దామని ఆన్ చేస్తే ఆర్‌సీసీబీ ఠక్కున పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా మామూలు. ఎలిమెంట్ చాలాసార్లు నిక్షేపంగానే ఉంటుంది, చెమ్మ ఎక్కిందంతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఎర్త్ వైరు తీసేస్తే ట్రిప్ అవ్వదు సార్" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నిజమే, ట్రిప్ అవ్వదు. లీకేజీ మాత్రం అలాగే ఉంటుంది, ఇప్పుడది ఓవెన్ హ్యాండిల్ పట్టుకున్న మనిషి గుండా నేలలోకి దిగుతుంది. తడి చేతులు, తడి గచ్చు ఉండే వంటింట్లో ఆ పని ఎవరు చేస్తామన్నా చేయనివ్వకండి. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కనెక్షన్ ఇవ్వడం కూడా అంతే ప్రమాదం.

ఓవెన్‌ను బయటకు తీయడం

కావలసినవి: మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, టార్చి, మందపాటి గ్లవ్స్, మాస్క్, ఇంకో మనిషి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇంటి పనికి సరిపోయే మల్టీమీటర్ దొరుకుతుంది. గ్లవ్స్, మాస్క్ ఎందుకంటే ఓవెన్ చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టి ఉంటుంది. అది చర్మానికి తగిలితే దురద, ముక్కులోకి పోతే దగ్గు. రేకు అంచులు కూడా బ్లేడులా కోస్తాయి.

ప్లగ్ పీకి, మీ కళ్లెదుట కనిపించేలా పెట్టుకోండి. ప్లగ్ అందకపోతే ఎమ్‌సీబీ ఆపి, ఇంట్లో ఇంకెవరూ ఆన్ చేయకుండా దాని మీద కాగితం అంటించండి. ఓవెన్ పూర్తిగా చల్లారాలి.

లోపలి ట్రేలు, జాలీలు తీసేయండి. తర్వాత తలుపు. దాన్ని పూర్తిగా తెరిస్తే రెండు మడతబందుల దగ్గర చిన్న కొక్కేలు కనిపిస్తాయి. వాటిని పైకి తిప్పి, తలుపును సగం దాకా మూస్తూ రెండు చేతులతో పట్టుకుని పైకి, మీ వైపుకు లాగితే ఊడి వస్తుంది. ఊడిన తర్వాత ఆ కొక్కేలను కదపకండి. బలమైన స్ప్రింగు వేళ్లను నలిపేస్తుంది. తలుపును గచ్చు మీద కాకుండా దుప్పటి మీద పడుకోబెట్టండి. గాజు అంచు దెబ్బ తగిలితే మొత్తం పగిలిపోతుంది.

తలుపు తీశాక ఫ్రేముకు రెండు పక్కలా స్క్రూలు కనిపిస్తాయి. ఓవెన్‌ను అరకు పట్టి ఉంచేవి అవే. అవి తీసే ముందు ఓవెన్ అడుగు ఎత్తుకు సరిపోయే బల్ల ముందుకు జరపండి. తలుపు లేకుండా కూడా ఓవెన్ బరువు ముప్పై కిలోల దాకా ఉండొచ్చు, ఛాతీ ఎత్తులో ఒక్కరు ఆపలేరు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మెల్లగా బల్ల మీదకు జరపండి. వెనక వైరు ఎక్కడా బిగుసుకోలేదని టార్చితో చూస్తూ లాగండి.

ఇంత దూరం వచ్చారు కాబట్టి అరలోపల కూడా చూడండి. వెనక గాలి పోయే సందు ఉందా? వడ్రంగి మూసేశాడా? ఎలుకలు వైరు కొరికాయా? బోర్డు దగ్గర బొద్దింకలు చేరాయా? వెచ్చగా ఉండే చోటు కాబట్టి రెండూ ఇష్టంగా చేరతాయి.

ఎలిమెంట్లను పరీక్షించడం

వెనక రేకు, పై రేకు విప్పాక, ఏ వైరూ పీకకముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. తర్వాత టెన్షన్ ఉండదు.

వెనక ఫ్యాను చుట్టూ గుండ్రంగా ఉండేది కన్వెక్షన్ ఎలిమెంట్. పైన కప్పుకు ఆనుకుని గ్రిల్ ఎలిమెంట్లు. అడుగు ఎలిమెంట్ నేల రేకు కింద దాగి ఉంటుంది. ఏ మోడ్‌లో వేడి రావట్లేదో గుర్తుచేసుకోండి. గ్రిల్ పనిచేస్తూ, కేక్ అడుగు మాత్రం పచ్చిగా ఉంటోందంటే అడుగు ఎలిమెంట్ మీద అనుమానం. ఫ్యాన్ మోడ్‌లో చల్లగాలే వస్తోందంటే గుండ్రటిది.

అనుమానం ఉన్న ఎలిమెంట్‌కు ఉన్న రెండు వైర్లూ లాగేయండి. వైరు పట్టుకుని కాదు, దాని చివర ఉన్న లగ్గు పట్టుకుని లాగండి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఎలిమెంట్ రెండు కొసలకూ తాకించండి. ఎంత చూపాలో మీరే లెక్కగట్టొచ్చు: 230ని 230తో గుణించి, ఎలిమెంట్ మీద రాసి ఉన్న వాట్లతో భాగించాలి. 2,000 వాట్లదైతే సుమారు 26 ఓమ్‌లు, 1,200 వాట్లదైతే 44, 1,000 వాట్లదైతే 53. కొంచెం అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు. మీటరు ఓఎల్ అనో, ఎడమ పక్కన ఒంటరిగా 1 అనో చూపితే కరెంటుకు దారి లేదని అర్థం, అంటే లోపల తీగ తెగిపోయింది. ఆ ఎలిమెంట్ మార్చాల్సిందే.

ఇప్పుడు లీకేజీ పరీక్ష. మీటరును అన్నిటికన్నా పెద్ద రేంజిలో పెట్టి, ఒక మొన ఎలిమెంట్ కొసకు, ఇంకోటి దాని స్టీలు గొట్టానికి తాకించండి. ఇక్కడ ఓఎల్ లేదా ఆ ఒంటరి 1 రావాలి. వేరే ఏదైనా అంకె కనిపించిందంటే కరెంటు గొట్టంలోకి దిగుతోంది. మొనలను మీ వేళ్లతో పట్టుకుని కొలవకండి, మీ ఒంటి రెసిస్టెన్స్ చూపించి మోసం చేస్తుంది. ఇంకో చిక్కేమిటంటే మీటరు చిన్న బ్యాటరీతో కొలుస్తుంది, కొన్ని లీకులు అసలు వోల్టేజీ పడితేనే బయటపడతాయి. అందుకే మీటరు బాగుందన్నా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటే, 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకేజీ కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో ఎలిమెంట్‌నూ కొలిపించండి.

గొట్టం ఉబ్బి, పగిలి, చిల్లుపడి కనిపిస్తే ఆలోచన అక్కర్లేదు, మార్చేయండి. పైకి బాగానే ఉండి లీకవుతుంటే ఆరబెట్టి చూడొచ్చు. ఆ ఎలిమెంట్ వైర్లు రెండూ తీసేసి ఉంచాలి. ఒక్కటే తీస్తే చాలదు, న్యూట్రల్ వైపు నుంచి లీకైనా ఆర్‌సీసీబీ పడుతుంది. తీసిన వైరు కొసలను పింగాణీ కనెక్టర్లలో బిగించి, రేకులన్నీ తిరిగి మూసి, ప్లగ్ పెట్టి, బాగున్న ఇంకో ఎలిమెంట్‌తో 120 డిగ్రీల దగ్గర ఒక గంట నడపండి. ఆ వేడికి చెమ్మ ఆరుతుంది. ప్లగ్ తీసి, చల్లార్చి మళ్లీ కొలవండి. ఓఎల్ వస్తే వైర్లు కలిపేయండి. ఇక నుంచి వానాకాలంలో పదిహేను రోజులకోసారైనా ఖాళీ ఓవెన్‌ను అరగంట వెలిగించండి.

కొత్త ఎలిమెంట్ వేయడం

తలుపు తీస్తే ఫ్రేము అంచున ఒక లేబుల్ ఉంటుంది. మోడల్ నంబరుతో పాటు అక్కడున్న పొడవాటి ప్రొడక్ట్ నంబరు కూడా ఫొటో తీసుకోండి. ఒకే పేరుతో వచ్చే మోడళ్లలో లోపలి భాగాలు వేరుగా ఉండటం మామూలే. కంపెనీది దొరక్కపోతే వేరేది వాడొచ్చు. కానీ వాట్లు, ఆకారం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం మూడూ కలవాలి. ఎక్కువ వాట్లది వేస్తే త్వరగా వేడెక్కుతుందని ఆశపడకండి. లోపలి వైర్లు, రిలేలు (బోర్డు మీద ఉండి ఎలిమెంట్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్‌లు) దానికి సరిపోవు.

గుండ్రటి ఎలిమెంట్‌ను కొన్నింటిలో ఓవెన్ లోపలి నుంచే, ఫ్యాను ముందున్న కవర్ తీసి, రెండు మూడు స్క్రూలు విప్పి ముందుకు లాగొచ్చు. అలా చేసేటప్పుడు వైర్లు జారి గ్లాస్ ఊల్‌లోకి పోతే మళ్లీ వెనక విప్పాలి. లాగగానే వైర్లకు ఒక బట్టల క్లిప్ పెట్టండి, జారవు.

లగ్గు వదులుగా ఉన్నా, నల్లబడినా కొత్తది గట్టిగా నొక్కి బిగించండి. ఇక్కడ టంకం పనికిరాదు, మామూలు టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇన్సులేషన్ టేపు కూడా వద్దు. వైరు మార్చాల్సి వస్తే ఇంటి వైరింగ్‌కు వాడే పీవీసీ వైరు కాకుండా ఫైబర్‌గ్లాస్ తొడుగు ఉన్న వేడి తట్టుకునే వైరే వేయండి.

ఎలిమెంట్ బాగుండీ వేడి రాకపోతే

అప్పుడు కటౌట్ చూడాలి. ఓవెన్ పైనో వెనకో, రూపాయి బిళ్లంత గుండ్రంగా, రెండు వైర్లతో ఉంటుంది. వైర్లు తీసి కొలిస్తే దాదాపు సున్నా ఓమ్‌లు చూపాలి. ఓఎల్ చూపితే అది తెగింది. కొన్నింటికి మధ్యలో చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే మళ్లీ కలుస్తుంది. అయితే కటౌట్ ఊరికే తెగదు. పైన ఉండే కూలింగ్ ఫ్యాను తిరగకపోవడం వల్లో, వెనక గాలి సందు మూసుకుపోవడం వల్లో లోపల వేడి పెరిగి ఉంటుంది. ఫ్యానును చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే దుమ్ము, జిడ్డు తుడవండి, అయినా కదలకపోతే మోటారు మార్చండి. కారణం సరిచేయకుండా కటౌట్ మారిస్తే డబ్బు వృథా. దాన్ని తప్పించి రెండు వైర్లూ కలిపేయడమైతే చెక్క అరల మధ్య నిప్పు పెట్టుకోవడమే. అన్నట్టు, ఓవెన్ ఆపాక కూడా ఆ ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అది లోపం కాదు.

వేడి వస్తోంది కానీ కేకు మాడుతోందా, ఉడకట్లేదా? ఓవెన్ థర్మామీటర్ మధ్య జాలీ మీద పెట్టి, 180కి తిప్పి, అరగంట ఆగండి. ఆ తర్వాత ఎలిమెంట్ ఆగి వెలిగే రెండు మూడు విడతల్లో గరిష్ఠం, కనిష్ఠం రాసుకుని సగటు తీయండి. 10 డిగ్రీల తేడా మామూలే. 30, 40 ఉంటే ముందు తలుపు రబ్బరు చూడండి. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే కాస్త బిగువుగా రావాలి. సునాయాసంగా జారితే అక్కడి నుంచి వేడి పోతోంది. రబ్బరు చాలావాటికి మూలల్లో కొక్కేలతోనే ఉంటుంది, చేత్తో మార్చేయొచ్చు.

రబ్బరు బాగుంటే సెన్సార్. నాబ్ తిప్పే పాత రకంలో సన్నటి రాగి గొట్టం చివర ఒక కడ్డీ ఓవెన్ లోపల క్లిప్పులకు ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది క్లిప్పుల్లోంచి ఊడి గోడకు ఆనితే వేడి తప్పుగా చూపుతుంది. తిరిగి క్లిప్పుల్లో పెట్టండి. గొట్టాన్ని మాత్రం వంచి నలపకండి. డిజిటల్ రకాల్లో ఎక్కువగా పీటీ 1000 సెన్సార్ ఉంటుంది. 30 డిగ్రీల గదిలో అది సుమారు 1,117 ఓమ్‌లు చూపాలి. పీటీ 500 అయితే అందులో సగం. సెన్సార్‌ను గుప్పిట్లో పట్టుకుంటే అంకె నెమ్మదిగా మారాలి. గెంతుతూ ఉంటే సెన్సార్ పోయింది.

లోపలి బల్బు ఒక్కటే పోతే వీటిలో ఏదీ అక్కర్లేదు. ప్లగ్ తీసి, గాజు మూత ఎడమ వైపుకు తిప్పి విప్పి, 300 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్న ఓవెన్ బల్బు వేయండి. ఎల్ఈడీ వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

మీ వాల్ ఓవెన్ 240 వోల్టుల మీద, సాధారణంగా ప్లగ్ లేకుండా నేరుగా వైరింగ్‌కు కలిపి ఉంటుంది. నాబ్ ఆఫ్‌లో ఉన్నా ఎలిమెంట్‌కు ఒక వైపు కరెంటు ఉండొచ్చు. డబుల్ పోల్ బ్రేకర్ ఆపి, మీటరుతో కరెంటు లేదని చూసుకున్నాకే చేయి పెట్టండి. అడుగున పైకి కనిపించే బేక్ ఎలిమెంట్ అయితే ఓవెన్ గోడలోంచి తీయకుండానే, లోపల రెండు స్క్రూలు విప్పి మార్చొచ్చు. సెల్ఫ్ క్లీన్ నడిపిన మర్నాటి నుంచి పనిచేయట్లేదంటే ముందు థర్మల్ కటౌట్, డోర్ లాక్ చూడండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కో మేనేజ్‌మెంట్‌కో చెప్పండి, మీరు విప్పొద్దు.

తిరిగి బిగించి నడపడం

ఫొటోలతో పోల్చుకుంటూ వైర్లు కలపండి. పసుపుపచ్చ, ఆకుపచ్చ చారల ఎర్త్ వైరు బాడీకి గట్టిగా బిగిసిందో లేదో మీటరుతోనే చూడండి: ప్లగ్ పెద్ద పిన్నుకు, ఓవెన్ బాడీ మీద రంగు లేని చోటికి మధ్య దాదాపు సున్నా రావాలి. ఎర్త్ సరిపోయిందని తేలేదాకా ప్లగ్ పెట్టకండి. రేకులన్నీ మూసి, ఓవెన్‌ను అరలోకి నెట్టి, తలుపు తగిలించి కొక్కేలు కిందకు తిప్పండి.

కిటికీ తెరిచి, ఖాళీ ఓవెన్‌ను 200 డిగ్రీల దగ్గర అరగంట నడపండి. కొత్త ఎలిమెంట్ మీది నూనె కాలి కాస్త పొగ, వాసన వస్తాయి. కంగారు పడొద్దు. అడుగున అల్యూమినియం ఫాయిల్ మాత్రం ఎప్పుడూ పరచకండి. వేడి కిందే నిలిచిపోయి అడుగు ఎలిమెంట్ త్వరగా పోతుంది. అన్ని మోడ్‌లూ ఒక్కొక్కటిగా పెట్టి ఆర్‌సీసీబీ నిలుస్తోందో లేదో చూడండి. అన్ని ఎలిమెంట్లూ, సెన్సార్, కటౌట్ బాగుండీ వేడి రాకపోతే అప్పుడది బోర్డే. బోర్డులు రిపేరు చేసేవాళ్లకు దాన్ని ఊడదీసి ఇవ్వండి, తరచుగా ఒక రిలే మారిస్తే సరిపోతుంది.

అరగంట నడిచాక ఓవెన్ ఆపి, స్విచ్ కట్టేసి, ప్లగ్ తీసి పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్పించాకే వంట మొదలుపెట్టండి.